వంద పడకల ఆసుపత్రికి ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సును ఎలా తయారు చేసుకోవాలి?

పొగతోట_ఆఫీసు (నెల్లూరు):
సభ్యులకు నమస్కారం. నెల్లూరు పొగతోటలో వంద పడకల ప్రైవేటు ఆసుపత్రి ఒకదాని పరిపాలన వ్యవహారాలు చూస్తున్నాను. ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించి ఇచ్చే ఎన్.ఎ.బి.హెచ్. గుర్తింపుకు దరఖాస్తు చేసే ముందే, ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్లు సోకకుండా చూసే ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సును నియమించుకోవాలని కమిటీలో తీర్మానించి, ఐ.సి.యు.లో కొన్నేళ్ళు పనిచేసిన స్టాఫ్ నర్సు ఒకరిని ఎంచుకున్నాము. ఆమెను చెన్నైలో మూడు రోజుల వర్క్‌షాప్‌కు పంపి, సర్టిఫికెట్ ఫైలులో పెడితే సరిపోతుందని యాజమాన్యంలో కొందరి అభిప్రాయం. తనిఖీకి వచ్చేవారికి చూపించడానికి అది చాలునేమో కానీ, సోమవారం పొద్దున వార్డులోకి వెళ్ళి ముందుగా ఏ పని అందుకోవాలో ఆ కాగితం చెప్పదు కదా అన్నది నా సందేహం. ఏడాది శిక్షణకు ప్రణాళిక వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ బాధ్యతతో పాటు ఆమెకు మామూలు షిఫ్టులు కూడా వేయవచ్చా? అనుభవజ్ఞులు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

నర్సింగ్_ట్యూటర్ (నెల్లూరు):
రెండో ప్రశ్నకు ముందు జవాబు రాస్తాను. అది తేలకుండా మొదటిదాని గురించి మాట్లాడి ప్రయోజనం లేదు. షిఫ్టులు వేయకండి. చేతిలో ఎనిమిది మంది రోగులున్న నర్సు ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు, డిశ్చార్జి కాగితాలు అయ్యాకే మరో పని చూస్తుంది, అలా చూడడమే ధర్మం కూడా. అమెరికాలో 1970లలో మొదలై 1985లో ఫలితాలు వెలువడిన సెనిక్ అధ్యయనం ఈ విషయంలో ఇప్పటికీ పునాది. 250 పడకలకు ఒక ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు, ఈ విషయంలో శిక్షణ పొందిన వైద్యుడు, ఇన్ఫెక్షన్లను క్రమం తప్పక గమనించి లెక్కపెట్టే నిఘా, సర్జన్లకు వారి ఫలితాలు వారికి తెలియజేసే ఏర్పాటు, ఈ నాలుగూ ఉన్నచోట ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు దాదాపు మూడో వంతు తగ్గాయని అది చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా 250 పడకలకు కనీసం ఒకరు ఉండాలని, రోగుల పరిస్థితి తీవ్రంగా ఉండేచోట వంద పడకలకు ఒకరిని పెట్టుకోవడం మేలని చెబుతున్నాయి. కాబట్టి మీ ఆసుపత్రిలో ఒక మనిషి పూర్తికాలం ఈ పని మీదే ఉండడం దుబారా ఏమీ కాదు.

ఇక శిక్షణ. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బి.ఎస్సీ. నర్సింగ్ పాఠ్యప్రణాళికలో మైక్రోబయాలజీతో కలిపి ఇన్ఫెక్షన్ నియంత్రణకు ప్రత్యేక పేపరు ఉంది. అంతకు ముందు చదివినవారికీ, జి.ఎన్.ఎం. డిప్లొమా చేసినవారికీ ఇది విడివిడి ముక్కలుగానే తెలిసి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఈ వృత్తిలోనివారికి ఉండవలసిన నైపుణ్యాలను ఒక పత్రంగా ప్రకటించింది. నిఘా, సూక్ష్మజీవశాస్త్రం, పరికరాల శుద్ధి, ఆసుపత్రి కట్టడం, ఉద్యోగుల ఆరోగ్యం, బోధన, నాయకత్వం అన్నీ అందులో ఉన్నాయి. ఆ జాబితా చూసి బెదిరిపోయి అన్నీ ఒకేసారి మొదలుపెట్టేవారే ఎక్కువ. నా సలహా ఏమిటంటే, మొదటి మూడు నెలలు ఒక్క ఐ.సి.యు.లో, రెండే రెండు పనులు: చేతుల శుభ్రతను గమనించి నమోదు చేయడం, రోజూ ఒకే వేళకు క్యాథెటర్ లాంటి గొట్టాలున్న రోగులను లెక్కపెట్టడం. ఆ రెండూ చేతికి వచ్చాక ఆమెను సి.ఎస్.ఎస్.డి. (పరికరాలను స్టెరైల్ చేసే విభాగం), ల్యాబ్, థియేటర్, వంటగది, లాండ్రీ, వ్యర్థాల గది, ఇలా ఒక్కోచోట వారం రోజులు అక్కడి మనిషిగానే ఉంచండి. ఇతరులకు పాఠం చెప్పే పని ఆరు నెలల తర్వాతే అప్పగించండి. మన దగ్గర మాత్రం నియమించిన మరునాడే ఆమె చేత పవర్‌పాయింట్ చెప్పిస్తారు.

కావలి_సిస్టర్:
ట్యూటర్ మేడమ్ చెప్పినట్టు పూర్తికాలం దొరకడం ప్రైవేటులోనైనా సాధ్యమవుతుందేమో. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ బాధ్యతను అదనపు బాధ్యతగా చూస్తున్నాను. ప్రభుత్వ ఆసుపత్రుల పరిశుభ్రతకు మార్కులు వేసే కాయకల్ప తనిఖీలు దగ్గర పడినప్పుడు రిజిస్టర్లన్నీ నా బల్ల మీదకు వస్తాయి, అవి అయిపోగానే మళ్ళీ లేబర్ రూమ్ డ్యూటీ. ఆ సంగతి పక్కన పెడతాను.

చేతుల శుభ్రతను గమనించడం సులభమని అనుకోవద్దు. రోగిని తాకే ముందు, శుభ్రంగా చేయవలసిన ప్రక్రియకు ముందు, రక్తం లాంటి స్రావాలు తగిలాక, రోగిని తాకాక, రోగి పరిసరాలను తాకాక అనే ఐదు సందర్భాలను ఎవరైనా ఒప్పజెప్పగలరు. సెలైన్ మార్చడానికి వచ్చిన సిస్టర్ ముందు మంచం కమ్మీని జరిపి, రోగి నుదుటి మీద చెయ్యి వేసి చూసి, ఆ తర్వాత కేన్యులా మూత తీసిందనుకోండి. అందులో ఎన్ని సందర్భాలు వచ్చాయి, ఎన్నిటిలో హ్యాండ్ రబ్ వాడాలి అన్నది అప్పటికప్పుడు నిర్ణయించగలగడమే నైపుణ్యం. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడి, ఒకరి కాగితం ఒకరు చూడకుండా ఒకే దృశ్యాన్ని రాసి, తర్వాత పోల్చుకోవాలి. ఇద్దరి రాతలూ కలిసేవరకూ ఆమె నమోదు చేసిన శాతాన్ని కమిటీ ముందు పెట్టకూడదు.

ఇంకొక చిక్కు. కాగితం పట్టుకుని నిలబడిన మనిషి కనబడగానే అందరి చేతులూ శుభ్రమైపోతాయి. అందుకని ఒకేచోట ఎక్కువసేపు నిలబడకుండా, వేర్వేరు వేళల్లో, ముఖ్యంగా రాత్రి షిఫ్టులోనూ, తెల్లవారుజామున రక్తనమూనాలు తీసే సమయంలోనూ చూడాలి. మా దగ్గర పగటి లెక్కకూ రాత్రి లెక్కకూ పొంతన ఉండదు.

ఒంగోలు_మైక్రోబయాలజీ:
నిఘా గురించి కొంత విపులంగా రాస్తాను, ఎందుకంటే శిక్షణలో అన్నిటికంటే తక్కువ సమయం దక్కేదీ, తప్పు జరిగితే ఎవరూ పట్టుకోలేనిదీ ఇదే.

మూత్రనాళపు క్యాథెటర్ వల్ల వచ్చే ఇన్ఫెక్షన్‌ను తీసుకోండి. క్యాథెటర్ వేసి రెండు రోజులు దాటి ఉండాలి. 38 డిగ్రీల సెల్సియస్‌కు మించిన జ్వరమో, పొత్తికడుపు నొప్పో, అలాంటి నిర్ణీత లక్షణమో ఉండాలి. మూత్రం కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షలో, మిల్లీలీటరుకు లక్ష లేదా అంతకు మించిన బ్యాక్టీరియా పెరగాలి, అవీ రెండు రకాలకు మించకూడదు. ఈ నిర్వచనం చేతిలో ఉన్నా కొత్త నర్సు రెండు విధాలుగా తడబడుతుంది. కల్చర్ పాజిటివ్ వచ్చిన ప్రతి రోగినీ ఇన్ఫెక్షన్ కింద రాస్తుంది, లేదా డాక్టరు గారు కేస్‌షీట్‌లో రాయలేదు కాబట్టి ఏదీ లేదని వదిలేస్తుంది. చికిత్స చేసే వైద్యుడి అభిప్రాయం వేరు, నిఘా నిర్వచనం వేరు. నిర్వచనం రోగి చికిత్సను నిర్ణయించడానికి కాదు, ఈ నెలను పోయిన నెలతో పోల్చడానికి ఉంది. ఇది ఆమె మనసుకు ఎక్కాలంటే పాత కేస్‌షీట్లను ముందు పెట్టుకుని, ఒక్కొక్కటీ ఎటు వెళ్తుందో నాలాంటి వారితో వాదించాలి. మైక్రోబయాలజిస్టు ఆమెకు జవాబు చెప్పకూడదు, ఆమె చెప్పిన జవాబుకు కారణం అడగాలి.

తర్వాత లెక్క. ఇన్ఫెక్షన్ల సంఖ్యను క్యాథెటర్ ఉన్న రోజుల మొత్తంతో భాగించి వెయ్యితో గుణిస్తాము. మీది చిన్న ఆసుపత్రి. ఒక నెలలో 150 క్యాథెటర్ రోజులు ఉన్నాయనుకుంటే ఒక్క కేసుకే రేటు వెయ్యికి 6.7 అవుతుంది, మరుసటి నెల కేసు లేకపోతే సున్నా. ఈ రెండు అంకెల మధ్య మెరుగుదలను చూసి చప్పట్లు కొట్టడంలో అర్థం లేదు. మూడు నెలలకొకసారి లెక్క తీసి, ఏడాది గీతను చూడమని ఆమెకూ, ఆమె కంటే ముందు యాజమాన్యానికీ నేర్పాలి. ఐ.సి.యు.లో సున్నా రేటు చూపించే ఆసుపత్రుల్లో చాలావాటిలో అసలు కల్చర్లే పంపరన్న సంగతి ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు.

పొగతోట_ఆఫీసు (నెల్లూరు):
కృతజ్ఞతలు. మాకు సొంత కల్చర్ ల్యాబ్ లేదు, నమూనాలు బయటికి పంపుతాము. ఆ పరిస్థితిలో ఆమెకు సూక్ష్మజీవశాస్త్రం ఎంతవరకు నేర్పాలి?

ఒంగోలు_మైక్రోబయాలజీ:
ప్లేటు మీద ఏం పెరిగిందో గుర్తుపట్టనక్కరలేదు. నమూనా సరిగ్గా తీయించడం, రిపోర్టు చదవడం రావాలి. చర్మాన్ని శుద్ధి చేసి ఆరనిచ్చాక, పెద్దవారికి ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీయాలి. మన వార్డుల్లో రెండు మిల్లీలీటర్లు తీసి పంపడం మామూలే. చర్మం మీది సూక్ష్మజీవులతో కలుషితమైన కల్చర్లు మూడు శాతం దాటకుండా చూడాలన్నది ప్రమాణం. ఆ శాతాన్ని ప్రతి నెలా మీరు నమూనాలు పంపే ల్యాబ్ నుంచి అడిగి తెప్పించుకుంటే, మీ రక్తం తీసే సిబ్బందికి ఎంత శిక్షణ అవసరమో ఆ ఒక్క అంకె చెబుతుంది. ఆమె ఆ ల్యాబ్‌లో కొన్ని రోజులు కూర్చుని రావడం చెన్నై వర్క్‌షాప్ కంటే ఎక్కువ ఉపయోగమని నా నమ్మకం.

సి.ఎస్.ఎస్.డి._టెక్నీషియన్ (చీమకుర్తి):
పరికరాలను ఆవిరితో స్టెరైల్ చేసే ఆటోక్లేవ్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. ప్యాకు మీది టేపుకు నల్లగీతలు పడగానే స్టెరైల్ అయిందని సగం మంది సిస్టర్లు నమ్ముతారు. ఆ ప్యాకు వేడికి గురైందని మాత్రమే ఆ గీతలు చెబుతాయి. 121 డిగ్రీల వేడి, నిర్ణీత పీడనం, నిర్ణీత సమయం ప్యాకు లోపలి వరకూ అందాయా అన్నది లోపల పెట్టిన కెమికల్ ఇండికేటర్ చూసి, వారానికొకసారైనా వేడిని తట్టుకునే జియోబాసిల్లస్ బ్యాక్టీరియా స్పోర్లున్న బయలాజికల్ ఇండికేటర్ పెట్టి తేల్చుకోవాలి. వాక్యూమ్ యంత్రమైతే ప్రతి ఉదయం మొదటి లోడుకు ముందు, ఆవిరి ప్యాకు లోపలికి అందుతోందో లేదో చూసే బోవీ డిక్ పరీక్ష చేయాలి.

మన ప్రకాశం జిల్లా నీళ్ళ సంగతి కూడా ఆమెకు చెప్పాలి. బోరు నీటిలోని లవణాలు ఆటోక్లేవ్ లోపల తెల్లగా పేరుకుంటాయి, పరికరాల మీద మచ్చలు పడతాయి, చేతులు కడుక్కుందామంటే సబ్బు నురగ రాదు. ఆర్.ఓ. నీటినో, మెత్తబరిచిన నీటినో వాడమని పుస్తకం చెబుతుంది; ట్యాంకరు నీళ్ళతో నడిచే ఆసుపత్రికి ఆ ఖర్చు ఎంత, తప్పనిసరిగా ఎక్కడ వాడాలి, ఎక్కడ సర్దుకోవచ్చు అన్నది నేర్పేవాడు చెప్పాలి. తడి ప్యాకును ఆరుతుందిలే అని అలమరలో పెట్టే అలవాటును మాత్రం ఎక్కడా సర్దుకోకూడదు.

ఇంకొక మాట. మా చుట్టూ గ్రానైట్ క్వారీలు. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి క్షయ వచ్చే అవకాశం ఎక్కువ. అలాంటివారు ఓ.పి. వరండాలో గంటలకొద్దీ దగ్గుతూ కూర్చుంటారు. దగ్గేవారిని వరుసలోంచి ముందుగా పిలిచి, మాస్కు ఇచ్చి, గాలి ఆడే వైపు కూర్చోబెట్టడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు వారంలో ఒక పూట ఓ.పి.లో ఉండి, ఫ్యాను గాలి ఎవరి మీంచి ఎవరి మీదకు పోతోందో చూడడం నేర్చుకోవాలి.

హౌస్‌కీపింగ్_సూపర్‌వైజర్ (ఒంగోలు):
శిక్షణ అంటే అందరూ సిస్టర్ల గురించే మాట్లాడుతున్నారు. మంచం కమ్మీ తుడిచేది, మూత్రపు సంచి ఖాళీ చేసేది, సూదుల డబ్బా మోసేది మా వాళ్ళూ, వార్డు సహాయకులైన ఎం.ఎన్.ఓ.లూ, ఎఫ్.ఎన్.ఓ.లూ. మా వాళ్ళు ఏజెన్సీ మీద వస్తారు, కొద్ది నెలల్లో మారిపోతారు. వాళ్ళను హాలులో కూర్చోబెట్టి చార్టులు చూపిస్తే తల ఊపి వెళ్ళిపోతారు.

వాళ్ళకు పని చేస్తూ చూపించాలి. ఐదు శాతం హైపో (సోడియం హైపోక్లోరైట్) సీసా నుంచి ఒక శాతం ద్రావణం కావాలంటే ఒక మగ్గు హైపోకు నాలుగు మగ్గుల నీళ్ళు. ఏ మగ్గో చూపించి, దాని మీద గీత గీసి ఇవ్వాలి. సీసా మీద వేరే శాతం రాసి ఉంటే లెక్క మారుతుందని సూపర్‌వైజరుకు తెలియాలి. కలిపినది ఆ రోజుకే, ఎండ తగిలేచోట పెట్టకూడదు, ఫినాయిలుతోనో యాసిడ్‌తోనో కలపకూడదు. ఒక రోగి మూత్రపు సంచి ఖాళీ చేసిన జగ్గునే పక్క మంచానికి తీసుకుపోవడం అన్నిచోట్లా చూస్తాను. ఇద్దరి మధ్య సూక్ష్మజీవి నడిచిపోవడానికి అంతకంటే దారి అక్కరలేదు. మా ఆసుపత్రిలో కంటికి కనబడని జెల్‌ను కమ్మీ మీద, కాల్‌బెల్ మీద, తలుపు పిడి మీద రాసి, శుభ్రం చేశాక ఆ జెల్‌ను మెరిపించే యు.వి. టార్చి వేసి చూపించడం మొదలుపెట్టాక మా వాళ్ళే ఒకరి గదిని మరొకరు పరీక్షించుకుంటున్నారు. దానికి తెలుగు చదవడం కూడా రానక్కరలేదు.

సూది గుచ్చుకుంటే తిడతారని దాచేస్తారు. హెపటైటిస్ బి టీకా వేయించుకోనివారికి, ఆ వ్యాధి ఉన్న రోగి సూది గుచ్చుకుంటే సోకే అవకాశం ఆరు నుంచి ముప్పై శాతం దాకా ఉంటుందని మాకు చెప్పారు. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల లోపు మొదలుపెట్టాలి. ఆదివారం రాత్రి రెండు గంటలకు గుచ్చుకుంటే ఎవరికి ఫోన్ చేయాలో మీ వార్డు బాయ్‌ని అడిగి చూడండి.

సర్జన్ (ఒంగోలు):
చర్చ బాగుంది. ఒక అభ్యంతరం చెబుతాను. కాగితం పట్టుకుని తప్పులు రాసుకునే మనిషిగా ఆమెను తయారుచేస్తే ఆరు నెలల్లో థియేటర్ తలుపులు ఆమెకు మూసుకుపోతాయి. నేను పనిచేసిన ఒకచోట అలాగే జరిగింది. నెలవారీ సమావేశంలో అందరి ముందూ సర్జన్ల పేర్లతో ఇన్ఫెక్షన్ రేట్లు చదివారు, తర్వాతి నెల నుంచి చీము పట్టిన కేసులేవీ రికార్డులోకే రాలేదు. సెనిక్ చెప్పింది సర్జన్‌కు అతని ఫలితం తెలియజేయమని, ఊరంతా చాటమని కాదు.

ఆమెకు థియేటర్‌లో ఏం నేర్పాలో చెబుతాను. కోతకు ముందు గంట లోపు యాంటిబయోటిక్ పడిందా, వెంట్రుకలు బ్లేడుతో గీశారా క్లిప్పర్‌తో తీశారా, రోగి శరీరం చల్లబడిందా, కేసు మధ్యలో తలుపు ఎన్నిసార్లు తెరుచుకుంది. వీటిని గమనించడానికి కొన్ని రోజులు మా వెనక ఊరకే నిలబడాలి. ఆ తర్వాత ఆమె చెప్పేది మేమూ వింటాం.

కావలి_సిస్టర్:
సార్, సర్జన్ పేరు బయటపెట్టకూడదన్న మాటతో ఏకీభవిస్తాను. వినడం దగ్గరే నాకు సందేహం. పెద్ద డాక్టరు రౌండ్స్‌లో చేతులు శుభ్రం చేసుకోకుండా ఒక గాయం నుంచి మరో గాయానికి వెళ్తుంటే, పక్కన నిలబడిన సిస్టర్ హ్యాండ్ రబ్ సీసా ముందుకు చాచడం తప్ప ఏం చేయగలదు? అది కూడా ధైర్యం ఉన్నవాళ్ళే చేస్తారు. ఆమెకు ఎన్ని కోర్సులు చేయించినా, ఈ విషయంలో ఆమె మాట సూపరింటెండెంట్ మాటేనని కాగితం మీద ఉత్తర్వు లేకపోతే ఆ శిక్షణ వార్డు గుమ్మం దాటదు.

సర్జన్ (ఒంగోలు):
ఒప్పుకుంటాను. ఉత్తర్వు ఉండాలి. మెడికల్ డైరెక్టర్ మొదటి వారం తానే ఆమెను వెంటబెట్టుకుని రౌండ్స్ చేస్తే ఉత్తర్వు కంటే బాగా పనిచేస్తుంది.

ఎ.ఎన్.ఎం. (ఉదయగిరి ప్రాంతం):
ఒక చిన్న విషయం. నెల్లూరులో ఆపరేషన్ చేయించుకుని మా ఊళ్ళకు వచ్చినవారు మళ్ళీ అంత దూరం వెళ్ళలేక ఆర్.ఎం.పి. దగ్గరే కట్లు మార్పించుకుంటారు. సిజేరియన్ కుట్లు చీము పట్టిన సంగతి ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి తెలియనే తెలియదు. మీ నర్సు డిశ్చార్జి అయినవారికి ఫోన్ చేయడం నేర్చుకోవాలి. బాగున్నారా అని అడిగితే బాగున్నామనే అంటారు. కుట్ల దగ్గర తడిగా ఉందా, గుడ్డకు మరక అవుతోందా, మళ్ళీ మందులు ఎవరైనా రాశారా అని విడివిడిగా అడగాలి. వీలైతే మాకూ ఒక మాట చెబితే ఇంటికి వెళ్ళి చూస్తాము.

ఒంగోలు_మైక్రోబయాలజీ:
చాలా విలువైన సూచన. శస్త్రచికిత్స గాయాలను 30 రోజుల వరకూ, ఇంప్లాంట్ పెట్టిన కొన్ని ఆపరేషన్లకు 90 రోజుల వరకూ గమనించాలన్నది నియమం. రోగి నాలుగో రోజే ఇంటికి వెళ్తున్నప్పుడు ఆసుపత్రి గోడల మధ్య చేసే నిఘాకు సగం కూడా దొరకదు.

పొగతోట_ఆఫీసు (నెల్లూరు):
అందరికీ కృతజ్ఞతలు. రెండు ప్రశ్నలు మిగిలాయి. ఆమె సమర్థురాలైందని మేము ఎలా తెలుసుకోవాలి? ఇంత ఖర్చు పెట్టి తయారుచేశాక ఆమె హైదరాబాదుకో, గల్ఫుకో వెళ్ళిపోతే ఏమిటి దారి?

నర్సింగ్_ట్యూటర్ (నెల్లూరు):
రెండోది మన జిల్లాల నర్సుల విషయంలో న్యాయమైన భయమే. బాండు రాయించుకుని ఆపాలని చూడకండి. పట్టుకున్న బాండు ముగిసిన రోజే వెళ్ళిపోతారు. జీతంలో తేడా, హోదాలో తేడా చూపించండి. ఆమెను ఒంటరిగా తయారుచేయకుండా ప్రతి వార్డులో ఈ పనిలో ఆమెకు తోడుండే ఒక లింక్ నర్సును ఆమె చేతనే ఎంపిక చేయించి, వారిలో ఒకరికి ఆమె పనంతా తెలిసేలా చూడండి. ఆమె రాసుకునే పద్ధతులు, ఫారాలు, ఫోన్ నంబర్లు ఆసుపత్రి ఆస్తిగా ఒకచోట ఉండాలి. అప్పుడు ఒకరు వెళ్ళినా పని మళ్ళీ మొదటి నుంచి మొదలవదు.

సమర్థత సంగతి. రాతపరీక్షలో మార్కులు చూడకండి. మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి ఆమె పని చేస్తుండగా నర్సింగ్ సూపరింటెండెంటూ, బయటి నుంచి పిలిచిన మైక్రోబయాలజిస్టూ పక్కన ఉండి చూడాలి. చెబితే చేయగలుగుతోందా, తనంతట తాను చేయగలుగుతోందా, ఇతరులకు నేర్పగలుగుతోందా అని ఒక్కో పనికీ విడిగా రాయాలి. చేతుల శుభ్రతను గమనించడంలో ఆమె మూడో మెట్టు మీద ఉండవచ్చు, ఆటోక్లేవ్ రికార్డులు చదవడంలో మొదటి మెట్టు మీదే ఉండవచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఏడాది చివర ఆమెకు ఒక సందర్భం ఇవ్వండి. ఒకే వారంలో ఐ.సి.యు.లో ముగ్గురికి క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా, మూడు రిపోర్టుల్లోనూ మందుల నిరోధకత ఒకేలా ఉంది. ఏం చేస్తావు? పొగపట్టిస్తాను, స్వాబులు తీయిస్తాను అని మొదలుపెడితే ఇంకా సమయం కావాలి. ముగ్గురి పేర్లు, మంచాలు, తేదీలు, ఏ గొట్టం ఎప్పుడు వేశారు, ఎవరు సక్షన్ చేశారు, ఏ పరికరం ముగ్గురికీ వాడారు అని వరుసగా రాసుకుని, కల్చర్ రిపోర్టులు నిజంగా ఒకటేనా అని ల్యాబ్‌కు ఫోన్ చేసి, ఆ లోపు ముగ్గురినీ ఒకవైపుకు మార్చి వారికి వేరే నర్సును కేటాయించమని అడిగిందంటే ఆమె చేతికి ఆసుపత్రిని అప్పగించవచ్చు.

పొగతోట_ఆఫీసు (నెల్లూరు):
యాజమాన్యంతో ఇవాళ మాట్లాడాను. షిఫ్టులు తీసేయడానికి ఒప్పుకున్నారు, అలవెన్సు గురించి వచ్చే నెల చెబుతామన్నారు. చెన్నై వర్క్‌షాప్‌ను ఆరు నెలల తర్వాతకు వాయిదా వేశాము. అప్పటికి ఆమె దగ్గర అడగడానికి ప్రశ్నలు ఉంటాయి. మెడికల్ డైరెక్టర్ మొదటి వారం వెంట తిరుగుతానన్నారు. నమూనాలు పంపే ల్యాబ్‌లో ఆమె కూర్చోవడానికి అనుమతి అడగాలి. వారిని ఇంకేమైనా అడగాలా?

ఒంగోలు_మైక్రోబయాలజీ:
మందులకు లొంగని సూక్ష్మజీవి పెరిగితే అచ్చు రిపోర్టు కోసం ఆగకుండా అదే రోజు ఫోన్ చేయమని అడగండి. ఫోన్ ఎవరికి చేయాలో ఆమె పేరు, ఆమె సెలవులో ఉంటే చూసే లింక్ నర్సు పేరు, రెండు నంబర్లూ రాసి ల్యాబ్ గోడకు అంటించి రండి.